గుర్రానికి ఆ రంగు ఎలా వస్తుంది? వర్ణకాలు రెండే.. నిర్ణయం జన్యువులది

తెల్లగా కనిపించే గుర్రాల్లో అత్యధికం పుట్టినప్పుడు తెల్లనివి కావు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో విన్యాసాలు చేసే లిపిజానర్ గుర్రాలు సాధారణంగా ముదురు రంగు పిల్లలుగానే పుట్టి, కొన్నేళ్లలో తెల్లబడతాయి. ఈ మార్పునకు కారణం జన్యువులే.

మూల రంగులు

గుర్రం వెంట్రుకల్లో ఉండే ప్రధాన వర్ణకాలు రెండే. నలుపునిచ్చేది యూమెలనిన్, ఎరుపునిచ్చేది ఫియోమెలనిన్. నల్ల వర్ణకం తయారీని ఎంసీ1ఆర్ జన్యువు నియంత్రిస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ దీని అంతర్గత రూపమే సంక్రమిస్తే, పిల్ల ఎర్రని చెస్ట్‌నట్ రంగులో ఉంటుంది. నల్ల వర్ణకం తయారైనప్పుడు అది ఎక్కడ కనిపించాలన్నది అగౌటి జన్యువు నిర్ణయిస్తుంది. దాని బహిర్గత రూపం నలుపును జూలు, తోక, కాళ్ల కింది భాగాలకు పరిమితం చేస్తుంది. గోధుమ వర్ణపు ఒంటితో కనిపించే ‘బే’ గుర్రాలు ఇలా ఏర్పడినవే. ఆ రూపం లేకపోతే ఒళ్లంతా నల్లగా ఉంటుంది.

రంగును పలుచన చేసే జన్యువు

క్రీమ్ జన్యు రూపం ఒక్కటి చేరితే చెస్ట్‌నట్ కాస్తా బంగారు వన్నె పాలొమినోగా మారుతుంది. రెండు చేరితే లేత మీగడ రంగు, నీలి కళ్లు వస్తాయి.

నెరుపు వెనుక ముప్పు

వయసుతో వెంట్రుకలు తెల్లబడటానికి ఎస్‌టీఎక్స్17 జన్యువులో సుమారు 4,600 బేస్ జతల భాగం రెండుసార్లు ఉండటమే కారణమని ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల సారథ్యంలోని బృందం 2008లో వెల్లడించింది. ఒక్క ప్రతి సంక్రమించినా గుర్రం నెరుస్తుంది. అయితే ఈ గుర్రాలకు మెలనోమా అనే చర్మ కణితుల ముప్పు అధికం. 15 ఏళ్లు దాటినవాటిలో 70 శాతానికి పైగా వీటి బారిన పడతాయి.

ప్రాణాంతక తెలుపు

ఫ్రేమ్ ఓవెరో అనే మచ్చల గుర్రాల విషయంలో పెంపకందారులు మరింత జాగ్రత్త వహించాలి. ఆ మచ్చలకు కారణమైన జన్యు మార్పు ఒక ప్రతిగా ఉంటే హాని లేదు. తల్లి, తండ్రి ఇద్దరికీ అది ఉంటే మాత్రం, పిల్లకు రెండు ప్రతులూ సంక్రమించే అవకాశం 25 శాతం. అలాంటి పిల్ల దాదాపు పూర్తి తెలుపుతో పుడుతుంది. పేగుల్లో నాడీ కణాలు ఏర్పడనందున ఆహారం ముందుకు కదలక, కొద్ది రోజుల్లోనే మరణిస్తుంది. దీనికి చికిత్స లేదు. మచ్చలు పైకి కనిపించని గుర్రాల్లోనూ ఈ జన్యువు దాగి ఉండవచ్చు. అందువల్ల జత కట్టించే ముందు వెంట్రుకల కుదుళ్లతో లేదా రక్తంతో చేసే డీఎన్‌ఏ పరీక్షే నమ్మదగిన మార్గం.