తీరస్థలములు – తోమా ఐతిహ్యము : చెన్నపట్టణపు తెలుగు విద్యార్థి కొక చరిత్రయాత్ర

పాశ్చాత్య విశ్వవిద్యాలయముల విద్యార్థులు కొందఱు తమ చదువులో భాగముగా ఇజ్రాయేలు, పాలస్తీనా ప్రాంతములకు పోయి కొన్ని నెలలు నివసించి, బైబిలునందు పేర్కొనబడిన స్థలములను, మధ్యధరా సముద్రతీరమందలి ప్రాచీనపు రేవుపట్టణములను దర్శించి వచ్చుచుందురు. అట్లు పోవువారిలో భక్తులును గలరు. భక్తితో నిమిత్తము లేక చరిత్రయందు మాత్రమే ఆసక్తి గలవారును గలరు. ఇరుతెగలవారికిని అచ్చట అలవడవలసిన విద్య యొక్కటే: గ్రంథమున చదివినదానిని నేలమీద చూచినదానితో సరిచూచుకొనుట. చెన్నపట్టణమందలి మన తెలుగు బాలబాలికల కందఱికిని అంతదూరము పోవు అవకాశము లభింపదు. కాని ఆ విద్యనే మన ముంగిటనున్న తీరమున నేర్పవచ్చుననియు, ఈ తీరమున బైబిలు కథాపురుషుని పేరుతో ముడివడిన స్థలములును, తెలుగువారి చరిత్రయును ప్రక్కప్రక్కనే యున్నవనియు చూపుట ఈ వ్యాసమున కుద్దేశము.

కైసరయ నేర్పిన పాఠము

మొదట ఆ దూరతీరమును చూతము. అపొస్తలుల కార్యములను చదివినవారికి యొప్పే రేవున సముద్రపు దరినున్న చర్మకారుని యింట పేతురు బసచేయుటయు, అటనుండి కైసరయకు పోవుటయు, పిమ్మట పౌలు అదే కైసరయలో రెండేండ్లు బందీగా నుండుటయు తెలిసినవే. కైసరయ హేరోదు రాజు కట్టించిన పట్టణము. సహజమైన రేవు లేని ఆ యొడ్డున, ఇటలీనుండి తెప్పించిన అగ్నిపర్వతపు బూడిదను సున్నముతో కలిపి, నీటిలోనే గట్టిపడు కాంక్రీటుతో అతడు రేవుగోడలను కట్టించెను. ఆ గోడలు నేడు చాలవఱకు సముద్రగర్భమున మునిగియున్నవి.

1961లో ఇటలీ దేశపు పురాతత్త్వవేత్తలు అచ్చటి నాటకశాలను త్రవ్వుచుండగా, మెట్లలో మరల వాడబడిన యొక సున్నపురాయిపై లాటిను శాసనము బయటపడెను. యేసునకు మరణశిక్ష విధించిన పొంతి పిలాతు పేరు అందున్నది. అతనిని రోమక చరిత్రకారుడగు టాసిటస్ ఒక పదవీనామముతో పేర్కొనగా, శిల 'ప్రిఫెక్టు' అని వేఱొక పదవీనామమును చెప్పినది. ఒక పగిలిన రాయి సువార్తల యందలి పాత్రకు సాక్ష్యము చెప్పుటయే గాక, ప్రసిద్ధుడైన చరిత్రకారుని మాటను గూడ సవరించినది. విద్యార్థి కైసరయలో నేర్చుకొనవలసిన దిదియే. గ్రంథమునకును శిలకును భేదము వచ్చినపుడు రెంటిని ప్రక్కన నుంచుకొని విచారింపవలెను.

ఆ తీరముతో మనవారికిని కొంత సంబంధము గలదు. 1918 సెప్టెంబరు 23వ తేదీన హైఫా పట్టణమును పట్టుకొనిన అశ్వికదళములు జోధపూరు, మైసూరు సంస్థానములవి. ఆ బ్రిగేడునందే హైదరాబాదు సంస్థానపు లాన్సర్లును ఉండిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమందలి మూడు విగ్రహములు ఈ మూడు సంస్థానముల సైనికులకు గుర్తులు.

తోమా : గ్రంథము, ఐతిహ్యము

ఇక మన తీరమునకు వత్తము. యేసు శిష్యులు పన్నిద్దఱిలో నొకడగు తోమా క్రీ.శ. 52లో మలబారు తీరమున దిగెననియు, 72లో మైలాపూరు ప్రాంతమున వధింపబడెననియు ఐతిహ్యము. సైదాపేట చెంత చిన్నమలైపై నున్న గుహలో ఆయన దాగెననియు, పరంగిమల యని పిలువబడు పెద్దకొండపై ప్రాణములు విడిచెననియు, సముద్రపుటొడ్డున శాంతోములో సమాధి చేయబడెననియు చెప్పుదురు. ఈ మూడు స్థలములును నేడు నగరములోనివే.

విద్యార్థి మొదట గ్రంథమును తెఱచి చూడవలెను. యోహాను సువార్తలో తోమా కలడు. గాయపు గుర్తులను చూచి తాకినగాని నమ్మనని పలికినవాడు ఆయనయే. కాని ఆయన భారతదేశమునకు వచ్చినట్లు బైబిలునం దెచ్చటను లేదు. ఆ కథ సుమారు మూడవ శతాబ్దమున సిరియా భాషలో వెలసిన 'తోమా కార్యములు' అను గ్రంథమున నున్నది. ఆ గ్రంథమున తోమాను ఆదరించిన భారతీయ రాజుగా గొండోఫారెస్ పేరు కనబడును. పందొమ్మిదవ శతాబ్దమునకు పూర్వము అట్టి రాజొక డుండెనని చరిత్రకారు లెఱుగరు. తరువాత వాయవ్య దిశనుండి అతని నాణెములును, తఖ్త్-ఇ-బాహి శాసనమును లభించి, అతడు ఒకటవ శతాబ్దమునకు చెందిన రాజని తేలినది. దీనివలన రాజు నిజమని తేలినదేగాని కథయంతయు నిజమని తేలలేదు. పైగా ఆ రాజు ఏలినది గాంధార ప్రాంతము. మైలాపూరు అచ్చటికి మిక్కిలి దూరము. ఎంతవఱకు నిరూపింపబడినదో, ఎచ్చట నిరూపణము ఆగినదో గుర్తించుటయే ఇచ్చట విద్యార్థి చేయవలసిన పని.

కొండమీది సిలువ

పరంగిమల సుమారు మూడువందల అడుగుల యెత్తుగల చిన్నకొండ. 1547లో పోర్చుగీసువారు అచ్చట ప్రార్థనాలయము కొఱకు త్రవ్వుచుండగా చెక్కడపు సిలువగల యొక రాతిపలక దొరకెను. దాని యంచున నున్న వ్రాత యేభాషదో చిరకాలము తెలియలేదు. 1873లో బర్నెల్ పండితుడు అది పారసీకుల పహ్లవీ లిపి యని ప్రకటించెను. లిపిరూపమును బట్టి పండితులు దానిని ఏడవ శతాబ్దమునకును తొమ్మిదవ శతాబ్దమునకును నడుమ నుంచుదురు.

ఈ పలక తోమా కాలమునాటిది కాదు. కనుక ఆయన రాకకు సాక్ష్యము చెప్పజాలదు. అట్లని విలువలేనిదియు కాదు. పోర్చుగీసువారు రాక పూర్వమే, సుమారు వేయి సంవత్సరములకు మునుపో కొంత తరువాతనో, పారసీక సంప్రదాయపు క్రైస్తవులు ఈ తీరమున నుండిరని అది చెప్పుచున్నది. తానడిగిన ప్రశ్నకు శిల బదులీయకున్నను, అడుగని ప్రశ్నకు బదులిచ్చునని విద్యార్థి యిచ్చట గ్రహించును.

ఈ కొండ చుట్టునున్న మైదానముననే 1802 ఏప్రిల్ 10వ తేదీన లాంబ్టన్ అను సైనికాధికారి సుమారు ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలువ నారంభించెను. భారతదేశమును కొలిచిన మహాత్రిభుజ సర్వేక్షణమునకు అదియే తొలి యడుగు. భూగోళము బోధించు ఉపాధ్యాయులును ఈ కొండను మఱువరాదు.

మార్కో పోలో – మోటుపల్లి

పదుమూడవ శతాబ్దాంతమున చీనాదేశమునుండి ఓడలో మరలిపోవుచు ఈ తీరమును తాకిన వెనీసు నగరవాసి మార్కో పోలో, తోమా భౌతికదేహము మాబారు దేశమందలి యొక చిన్న పట్టణమున నున్నదనియు, క్రైస్తవులును మహమ్మదీయులును అచ్చటికి యాత్ర చేయుదురనియు, అచ్చటి యెఱ్ఱమట్టిని రోగులకు మందుగా వాడుదురనియు వ్రాసెను. పాశ్చాత్య సంప్రదాయము మఱియొక విధముగా చెప్పును. దాని ప్రకారము తోమా అవశేషములు పూర్వమే ఎదెస్సాకు చేరి, 1258లో ఇటలీలోని ఒర్తోనాకు పోయినవి. రెండు వాదములను విద్యార్థి తన పుస్తకమున వ్రాసికొనవలెను.

ఆ గ్రంథముననే మన మోటుపల్లియు గలదు. అచ్చటి రాజ్యమును భర్తను కోల్పోయిన యొక రాణి మిక్కిలి న్యాయముతో పాలించుచున్నదనియు, ఆ దేశమున వజ్రములును, సాలెగూడువంటి సన్నని వస్త్రములును లభించుననియు పోలో చెప్పెను. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి యని పండితు లంగీకరించిరి. కాని రుద్రమ తన పూర్వరాజగు గణపతిదేవునకు భార్య కాదు, కూతురు. మఱియు 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును పేర్కొనుచున్నది. అనగా పోలో ఈ తీరమున పయనించునప్పటికి ఆమె జీవించి లేదు. విదేశీయుడు మనలను పొగడెను గదా యని అతని మాటను అట్లే గ్రహింపరాదు. అతడు విన్నది వ్రాసెను. మన శాసనము తేదీతో చెప్పినది.

చీరాలకు దక్షిణముననున్న ఆ మోటుపల్లి వీరభద్రాలయములోని స్తంభముపై గణపతిదేవుడు 1244–45లో వ్రాయించిన అభయశాసనము గలదు. గాలివానకు ఒడ్డున పడిన యోడల సరకును పూర్వరాజులు దోచుకొనుచుండ, తాను నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు గొననని ఆయన సముద్రవర్తకులకు మాట యిచ్చెను. దూరదేశపు యాత్రికుడు ఈ తీరమున నిర్భయముగా దిగగలుగుటకు ఇట్టి మాటలే కారణము.

దుర్గరాజపట్టణమునుండి చెన్నపట్టణమునకు

నగరమునకు ఉత్తరముగా సుమారు అఱువది కిలోమీటర్ల దూరమున పులికాటు గలదు. ప్రళయకావేరి యని దానికి మనవారి పేరు. 1613లో డచ్చివా రచ్చట గెల్డ్రియా కోటను నిర్మించిరి. కోట నశించినను, చెక్కడపు పనితనముగల వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. ఆ సరస్సునకు ఉత్తరముననున్న దుర్గరాజపట్టణమున ఆంగ్లేయులు 1626లో వర్తకస్థానము నెలకొల్పిరి. అచ్చటినుండియే ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు వచ్చి, 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని వద్ద కోటకు స్థలమును పొందెను. వేంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణ మేర్పడెను.

ఇచ్చటికి తెలుగు నేర్చుకొన వచ్చిన విదేశ విద్యార్థులును గలరు. జర్మను మతబోధకుడు బెంజమిన్ షుల్జ్ ఈ నగరమున తెలుగు నేర్చి, 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణము వ్రాసెను, బైబిలును తెనిగించెను. అచ్చక్షరములు లేక అనువాదము ముద్రితము కాలేదు. స్వదేశమునకు మరలినపిదప హాలే నగరమున 1746–47లో ఆయన అచ్చువేయించిన చిన్నపుస్తకములే మనమెఱిగిన తొలి తెలుగు ముద్రితగ్రంథములు. తెలుగు క్రొత్తనిబంధన 1818లో అచ్చయ్యెను. తొలి తెలుగు అచ్చుపుస్తకమునకు మూలమైన చదువు ఈ నగరపు వీథులలో జరిగినదని మన పిల్లలలో ఎందఱికి తెలియును?

ఈ యాత్ర ఏల కావలెను

తమిళనాట తెలుగుబడిలో చదువు బాలునకు నేడొక చిక్కు గలదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తమిళమును ఒకటవ తరగతినుండి క్రమముగా తప్పనిసరి చేసినది. దానిపై భాషాల్పసంఖ్యాకుల పక్షమున వ్యాజ్యములును నడచినవి. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే; ఏ నాట బ్రదుకుదుమో ఆ నాటి భాష రావలయును. అయితే తెలుగు పుస్తకము చేతనున్న బాలుడు తాను నిన్న వచ్చిన పరాయివాడననుకొని ఆ పుస్తకమును సిగ్గుతో దాచుకొను దినము రాగూడదు. తరగతిగదిలో ఎన్ని మాటలు చెప్పినను తీఱని ఆ సిగ్గు, ఒక శిలముందు నిలిచి తానే చదువుకొనినపుడు తీఱును.

దీనికి మఱుప్రక్కను గూడ చెప్పవలెను. సిగ్గు పోగొట్టబోయి దురభిమానము కలిగింపరాదు. మైలాపూరు దామెర్లవారి కాలమునకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే సంబంధర్ మొదలగు తమిళ శివభక్తుల పాటలకెక్కిన క్షేత్రము. తోమా రాకకు నిదర్శన మడిగిన విద్యార్థి, నగరమును గూర్చి మనవారు చెప్పు గొప్పలకును నిదర్శన మడుగవలెను. అట్లడిగినను మనకు మిగులున దల్పము కాదు: దానము నిజము, శాసనము నిజము, వ్యాకరణము నిజము.

యాత్రకు మూడు దినములు చాలును. మొదటిదినము శాంతోము, మైలాపూరు. పోర్చుగీసుల గుడి యుండిన చోట 1896లో ముగిసిన నేటి దేవాలయమును, పిదప కపాలీశ్వరుని కోవెలను, తుదకు ప్రత్యేకాంధ్రరాష్ట్రము కొఱకు నిరశనము పూని 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు అసువులు బాసిన యింటి స్థలమందలి స్మారకమును చూడవలెను. రెండవదినము చిన్నమలై, పరంగిమల. మూడవదినము పులికాటు, వీలైన దుర్గరాజపట్టణము. ప్రతి విద్యార్థియు తన పుస్తకమున మూడు గడులు గీచికొనవలెను: కన్నది, చదివినది, విన్నది. స్థలమున చెప్పు కథలు విన్నదాని గడిలోనే చేరవలెను. నిదర్శనము దొరకినగాని అవి గడి మాఱరాదు.

మన సంఘములు ఏటేట సభలు జరుపుచున్నవి, బహుమతు లిచ్చుచున్నవి. అందులో కొంత ధనముతో ఏటికొక తరగతి పిల్లలనైనను ఈ తీరమున మూడుదినములు త్రిప్పి, వారు వ్రాసిన గడులపుస్తకములలో మేలైనవానిని ఇట్టి సంచికలలో ప్రకటించిన, పెద్దల వ్యాసములకంటె అవియే భాషకు ఎక్కువ సేవ చేయగలవు. విజ్ఞులు ఈ విన్నపమును ఆలోచింతురుగాక.