కడుపులోని పుండు - ఆమ్లమును అణచిన ఔషధముల చరిత్ర

మనము తినిన మాంసమును జీర్ణము చేయు జఠరము, తానును మాంసమయమే యైనను, తన్ను తాను జీర్ణము చేసికొనదేల? ఈ ప్రశ్న వెంట నడచినదే కడుపులోని పుండునకు మందు కనుగొన్న చరిత్ర.

1822లో అమెరికాలోని మాకినా దీవిలో సెయింట్ మార్టిన్ అను యువకుని కడుపునకు తుపాకి దెబ్బ తగిలెను. గాయము మానెను గాని జఠరమునకు పడిన రంధ్రము పూడలేదు. విలియం బోమాంట్ అను సైనిక వైద్యుడు ఆ రంధ్రము గుండ ఆహారపు ముక్కలను దారముతో వ్రేలాడదీసి, అవి కరగు విధమును పరిశీలించి, 1833లో గ్రంథముగా ప్రకటించెను. ఈలోగా 1824లో ఆంగ్ల వైద్యుడు విలియం ప్రౌట్ జఠరరసమునందలి పులుపు హైడ్రోక్లోరిక్ ఆమ్లమని తెలిపెను.

ఇంతటి ఆమ్లమునుండి జఠరమును కాపాడునవి మూడు. లోగోడకు పూసినట్లుండు జిగురు పొర మొదటిది. ఆ జిగురులో ఊరుచు ఆమ్లమును విరిచివేయు క్షారము రెండవది. కొలది దినములలోనే పాత కణములు రాలి క్రొత్తవి పుట్టుట మూడవది. ఈ కాపుదల చెడినచోట ఆమ్లమును, పెప్సిన్ అను జీర్ణరసమును గోడను తినివేయగా ఏర్పడు గుంటయే పుండు.

1915లో షికాగో వైద్యుడు సిప్పీ గంటగంటకు పాలు, మీగడ, నడుమ క్షారపు పొడులు ఇచ్చు పద్ధతిని ప్రకటించెను. కడుపుమంటకు వంటసోడా త్రాగుట మన యిండ్లలోను ఎరిగినదే. కాని క్షారము ఉన్న ఆమ్లమును విరిచివేయునే గాని, ఊరుచున్న దానిని ఆపజాలదు. పుండు మానుటకు వారములు పట్టును. సోడా గుణము కొలది సేపటిదే.

తమిళనాట నున్న మనవారికి దగ్గరి చరిత్ర యొకటి కలదు. 1922, 1924 సంవత్సరములలో ఎవరెస్టు నెక్క యత్నించిన బృందములలోని హోవర్డ్ సోమర్‌వెల్ అను శస్త్రవైద్యుడు, నేటి కన్యాకుమారి జిల్లాలోని నెయ్యూరు ఆసుపత్రిలో స్థిరపడి, చిన్నప్రేవు మొదట పుట్టు పుండ్లకు ఎందరికో శస్త్రచికిత్స చేసెను. పిమ్మట వెల్లూరు వైద్య కళాశాలలో బోధించెను. ఆ దినములలో పుండు ముదిరినచో కత్తియే గతి.

ఆ గతిని మార్చినవాడు జేమ్స్ బ్లాక్. హిస్టమిన్ అను పదార్థము సంకేత మీయగా జఠరకణములు ఆమ్లమును స్రవించును. ఆ సంకేతమును అడ్డగించు మందుకై బ్లాక్ 1964లో ఇంగ్లండులో అన్వేషణ ప్రారంభించెను. ఫలితమగు సిమెటిడిన్ 1976లో బ్రిటనున విక్రయమునకు వచ్చెను. 1988లో ఆయన నోబెల్ బహుమానము పొందిన వారిలో నొకడయ్యెను. ఆ యేటనే స్వీడనులో ఒమెప్రజోల్ వెలువడెను. మొదటి మందు పంపును నడుపు చేతిని పట్టుకొనును. రెండవది ఆమ్లమును వెలికి నెట్టు పంపునే ఆపును.

ఈ మందులు పుండునకు పూత వేయవు. ఆమ్లము తగ్గినచో పెప్సిన్ శక్తి నుడుగును. కారు నెత్తురు గడ్డకట్టి నిలుచును. క్రొత్త కణములు గుంటను పూడ్చును. మాన్పునది శరీరమే, మందు దానికి వ్యవధి నిచ్చును.

అయినను మందు మానిన పిదప పుండు మరల వచ్చుచుండెను. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనువారు జఠరమున వసించు హెలికోబాక్టర్ పైలోరి అను క్రిమిని పెంచి చూపిరి. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే త్రాగి జఠరమునకు వాపు తెచ్చుకొనెను. 2005లో వారిరువురకు నోబెల్ బహుమానము లభించెను. నేడు ఆ క్రిమి యున్నవారికి ఆమ్లమును తగ్గించు మందుతో పాటు యాంటీబయోటిక్ మందులును ఇత్తురు.

కనుక మన ఆవకాయపై మోపిన నింద చాలవరకు తొలగినది. కారము మంటను పెంచవచ్చును గాని పుండునకు మూలము కాదు. ముఖ్య కారణములు రెండు: ఈ క్రిమి, నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటివి జఠరపు కాపుదలను సన్నగిల్లజేయును. మోకాళ్ళ నొప్పికి ఇట్టి మాత్రలు నిత్యము మ్రింగు పెద్దలు మన యిండ్లలో కలరు. వారికి ఆమ్లమును తగ్గించు మందు తోడు కావలెనా యని వైద్యుని అడుగవలెను. గుండెకొరకు వైద్యుడు వ్రాసిన ఆస్పిరిన్‌ను మాత్రము తమంత తాము మానరాదు. మలము తారువలె నల్లబడినను, నెత్తురు వాంతియైనను తెల్లవారు వరకు వేచియుండక ఆసుపత్రికి పోవలెను.

ఈ యుగాదికి విందుతో పాటు ఇంటి పెద్దల మందుల పెట్టెను గూర్చియు ఒక మాట విచారింతుము గాక!