తెల్లగీత దాటిన ఫాదర్

కింద వీధిలో బ్రేకులు కీచుమంటాయి. ఏదో బండి ఆగిందిలే అనుకునేలోపే దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. బూట్లు దబదబా రాళ్ళ మీదకి దూకుతున్నాయి. ఎవరో జర్మన్‌లో అరుస్తున్నారు.

కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్తావు. తెర అంచు ఒక్క వేలితో జరుపుతావు. రోమ్ నడిబొడ్డున వయా దెల్ కోర్సో. క్షణం క్రితం వరకూ మామూలుగా ఉన్న వీధిలో ఇప్పుడు ఎస్.ఎస్. సైనికులు వరస కడుతున్నారు. వాళ్ళ తుపాకులన్నీ ఈ భవనం వైపే. పెద్ద గుమ్మం దగ్గర ఇద్దరు. వెనక సందు వైపు ఇంకొందరు పరిగెడుతున్నారు.

నీ వెనక నిలబడ్డ ప్రిన్స్ ఫిలిప్పో దోరియా పాంఫిలీ ఏమీ మాట్లాడడు. మాట్లాడాల్సిన పని లేదు. ఆయన ఇప్పుడే ఇచ్చిన లీరాల కట్ట నీ అంగీ జేబులో బరువుగా ఉంది. నువ్వూ ఆ డబ్బూ ఇక్కడ దొరికితే ఆయనా దొరికినట్టే.

ఇది 1943. చలికాలం గుమ్మంలో ఉంది. నీ పేరు హ్యూ ఓఫ్లాహర్టీ. వయసు 45. ఐర్లాండ్‌లో కిల్లార్నీ నుంచి వచ్చిన కథోలిక గురువువి, వాటికన్‌లో ఉద్యోగివి. గోల్ఫ్ అంటే ప్రాణం. ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. నల్లటి నిలువుటంగీ, గుండ్రటి కళ్ళద్దాలు, అంగలు వేసే నడక. రోమ్‌లో నిన్ను గుర్తుపట్టడానికి ఫోటో అక్కర్లేదు.

ఈ భవనంలో లెక్కలేనన్ని గదులు. ఏదో ఒక బీరువా వెనక దూరితే? దూరొచ్చు. కానీ వాళ్ళు ఒక పూటలో వెతికి పోయేవాళ్ళు కారు. దొరికేదాకా గోడలు తట్టి చూస్తారు. ఇక్కడ ఎంతసేపు దాక్కుంటే ప్రిన్స్ మెడకు ఉచ్చు అంత బిగుస్తుంది. బయటికి వెళ్ళాలి. దారి లేదు. అయినా వెళ్ళాలి.

కింద గుమ్మం మీద తుపాకి మడమ దెబ్బ పడుతుంది.

నువ్వు మెట్ల వైపు పరిగెడతావు.

నౌకర్లు తలుపు తీయడానికి ఎంత ఆలస్యం చేస్తే నీకు అంత ఆయుష్షు. పాలరాతి మెట్లు రెండేసి చొప్పున దిగుతున్నావు. అంగీ కాళ్ళకు చుట్టుకుంటోంది. ఒక చేత్తో ఎత్తి పట్టుకుంటావు. ఒక ఫాదర్ కోసం ఇంత పటాలమా అని నీకే ఆశ్చర్యం.

ఆశ్చర్యం దేనికి, నువ్వు చేస్తున్న పని అలాంటిది. సెప్టెంబర్ 8న ఇటలీ లొంగిపోయింది. బందీల శిబిరాల్లో కాపలావాళ్ళు ఇళ్ళకు పోయారు. బ్రిటిష్, అమెరికన్ సైనికులు వేలమంది కట్టుబట్టలతో రోడ్డెక్కారు. రెండు రోజుల తర్వాత రోమ్ జర్మన్ల చేతికి వచ్చింది. అంతకుముందు నువ్వు ఆ శిబిరాలన్నీ తిరిగినవాడివి. బందీల పేర్లు రాసుకుని, ఫలానావాడు బతికే ఉన్నాడని వాళ్ళ ఇళ్ళకు కబురు చేరేలా చూసేవాడివి. అందుకే, ఎటు పోవాలో తెలియని ఆ సైనికులకు రోమ్‌లో తెలిసిన పేరు ఒక్కటే. నీది.

రోజూ సాయంత్రం సెయింట్ పీటర్స్ గుడి మెట్ల మీద ప్రార్థన పుస్తకం పట్టుకుని నిలబడతావు. కళ్ళు పుస్తకం మీద, చెవులు ముందున్న మైదానం మీద. మాసిన గడ్డంతో ఎవడో తడబడుతూ వస్తాడు. నువ్వు పుస్తకం మూసి వాడి పక్కన నడుస్తావు. ఆ రాత్రికి వాడు ఏ కాన్వెంట్‌లోనో, ఏ అద్దె గదిలోనో ఉంటాడు. హెన్రియెట్టా షెవాలియే అనే మాల్టా వితంతువైతే తన పిల్లలతో కిక్కిరిసిన చిన్న ఫ్లాట్‌లోనే సైనికులను దాస్తోంది. రేషన్ కార్డు లేని నోటికి దొంగబజారే దిక్కు. నీ జేబులో లీరాలు అందుకు.

దాచినవాళ్ళకు శిక్ష మరణం.

రోమ్‌లో జర్మన్ రహస్య పోలీసు దళం గెస్టపోకు అధిపతి అయిన హెర్బర్ట్ కాప్లర్‌కు ఇదంతా తెలుసు. కానీ వాటికన్ వేరే దేశం. సెయింట్ పీటర్స్ మైదానం అంచున జర్మన్లు నేల మీద ఒక తెల్లగీత గీశారు. గీతకు అటు పోపు రాజ్యం, ఇటు కాప్లర్ రాజ్యం. అటు ఉన్నంతసేపూ నిన్ను ముట్టుకోలేడు.

ఈరోజు నువ్వు గీతకు ఇటు ఉన్నావు.

మెట్లు అయిపోయాయి. ఇరుకు నడవ. చివర తలుపు. తోస్తావు. చీకటి, చెమ్మ వాసన. ఇంకో వరస మెట్లు. పైన గుమ్మం తెరుచుకున్న చప్పుడు. బూట్లు ఇంట్లోకి వచ్చేశాయి.

నేలమాళిగలో అడుగు పెట్టగానే దగ్గు వస్తుంది. నోరు మూసుకుంటావు. గాలి నిండా నల్లటి ధూళి. అంతలో పైనుంచి గడగడమంటూ ఏదో కూలినంత మోత. గోడకు అతుక్కుపోతావు.

బొగ్గు.

చలికాలానికి బొగ్గు దింపుతున్నారు. పైకప్పుకు ఆనుకుని ఒక కంత, అందులోంచి పెరటి వెలుతురు. లారీలోంచి బస్తాలు మోసుకొచ్చి ఆ కంతలోంచి గుమ్మరిస్తున్నారు. బొగ్గు గుట్ట కంత దాకా పెరిగింది. పక్కనే ఖాళీ గోనె సంచి ఒకటి పడి ఉంది.

సంచి వైపు చూస్తావు. కంత వైపు చూస్తావు.

అంగీ గుండీలు విప్పుతావు. పై నుంచి కింద దాకా ఎన్ని గుండీలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఈరోజు ఒక్కొక్కటీ తెలుస్తోంది. అంగీ, టోపీ సంచిలోకి కుక్కుతావు. లీరాల కట్ట కూడా. కళ్ళద్దాలు తీస్తావు. లోకం మసకబారుతుంది. అవీ సంచిలోకే. చొక్కా, ప్యాంటు మిగిలాయి. రెండు చేతులా బొగ్గు పొడి తీసి మొహానికి రుద్దుకుంటావు. మెడకు, చెవుల వెనక, జుట్టుకు. చేతులు మరీ తెల్లగా ఉన్నాయి. ప్రార్థన పుస్తకం పట్టుకునే చేతులు. గోళ్ళ సందుల్లోకి కూడా మసి ఎక్కేలా రుద్దుతావు.

పైన గదుల్లో తలుపులు ధడేలుమంటున్నాయి.

గుట్ట ఎక్కుతావు. కాలి కింద బొగ్గు జారుతుంది. మళ్ళీ ఎక్కుతావు. మోకాలు చీరుకుపోతుంది. ఇప్పుడు కంత నీ తల దగ్గర ఉంది. వెలుతురుకు అడ్డంగా ఒక మొహం. బస్తా వంచబోతున్న కూలీ. నిన్ను చూసి బిగుసుకుపోతాడు.

ఇతనెవరో నీకు తెలియదు. ఒక్క కేక వేస్తే చాలు. నిన్ను పట్టిస్తే డబ్బు, కాపాడితే చావు. ఇంట్లో పిల్లలు ఉండే ఉంటారు.

నువ్వు ఫాదర్‌వని గుసగుసగా చెబుతావు. జర్మన్లు నీకోసమే వచ్చారని చెబుతావు. అంతకంటే చెప్పడానికి ఏముంది? మనసులో మంగళవార్త జపం మొదలైంది, సగంలో ఆగింది.

అతను బస్తా దించుతాడు. తల వంచి కంతలోంచి లోపలికి జారి, చీకట్లో ఒదిగిపోతాడు.

ఆ కూలీ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఈ కథలో తెగువ ఎవరిదని అడిగితే నేను ముందు అతన్నే చూపిస్తాను.

సంచి భుజాన వేసుకుంటావు. కంతలోంచి పైకి లేస్తావు.

వెలుతురు.

పెరడు నిండా సైనికులు. రెండు వైపులా. లారీ ఆ చివర ఉంది.

నడుం వంచు. నీ ఎత్తు దాచు. సంచిలో ఉన్నది బట్టలు. బొగ్గు మోసేవాడిలా నడు.

ఒక అడుగు.

ఎవరూ కదలరు.

ఇంకో అడుగు. సంచి మొహానికి అడ్డంగా జరుపుతావు. చెమట మసిలోంచి చారలు కడుతోంది. చర్మం బయటపడుతుందేమో. తుడుచుకోకు.

ఒకడు నీ వైపు తిరుగుతాడు.

ఆగకు.

వాడు చూస్తున్నాడు. నీ మొహాన్ని కాదు. సంచిని. దాని మీంచి రాలుతున్న మసిని. తర్వాత తన ఇస్త్రీ యూనిఫాం వైపు చూసుకుంటాడు. పెళ్ళికి బయల్దేరినవాళ్ళు బురద గేదె ఎదురైతే తొలిగినట్టు పక్కకు తొలుగుతాడు. వాడి వెనకవాడూ తొలుగుతాడు. వరస మధ్య దారి పడుతుంది.

నడుస్తావు.

లారీ. లారీ అవతల గేటు. గేటు అవతల వీధి.

పరిగెత్తాలని కాళ్ళు గోల పెడుతున్నాయి. పరిగెత్తకు. బొగ్గు కూలీ ఎవడూ పరిగెత్తడు. మూల తిరుగు. ఇప్పుడు ఊపిరి పీల్చు.

దగ్గర్లో ఒక చర్చి ఉంది. రోమ్‌లో ఎక్కడైనా ఉంటుంది, ఈ ఊరి దయ అది. వెనక గదిలోకి దూరతావు. లోపలున్న గురువు నిన్ను దొంగనుకుని కంగారు పడతాడు. నీళ్ళు అడుగుతావు. మొహం కడుక్కుని, సంచిలోంచి అంగీ తీసి దులిపి తొడుక్కుంటావు. గుండీలన్నీ పెట్టుకుంటావు. కాసేపటికి ఫాదర్ ఓఫ్లాహర్టీ ఏ తొందరా లేకుండా తెల్లగీత దాటి అటు వెళ్ళిపోతాడు. అటు నీ గది ఉన్నది ఎక్కడనుకున్నావు? జర్మన్ కాలేజీలో. నవ్వొస్తే నవ్వుకో, ఇలాంటి అవకాశం నీకు మళ్ళీ త్వరగా రాదు.

ఇక చాలు, ఇంట్లో కూర్చో అని ఎవరైనా అంటారు. నువ్వు బ్రిటిష్‌వాళ్ళకు ఏమన్నా చుట్టానివా? ఐర్లాండ్‌లో వాళ్ళ బలగాలు చేసినవి కళ్ళారా చూసినవాడివి. యుద్ధం మొదట్లో ఇరుపక్షాల ప్రచారాన్నీ ఒకే గాటన కట్టినవాడివి. కానీ అక్టోబర్ 16 తెల్లవారుజామున వానలో రోమ్ యూదుల ఇళ్ళ ముందు జర్మన్ లారీలు ఆగాయి. వెయ్యిమందికి పైగా జనాన్ని ఆష్విట్జ్ రైలెక్కించారు. పసిపిల్లలతో సహా. వాళ్ళలో తిరిగొచ్చింది 16 మంది. ఆ తర్వాత కూడా మెట్ల మీద నిలబడకుండా ఎలా ఉంటావు?

నిలబడతావు. చలికాలం గడుస్తుంది. సామ్ డెర్రీ అనే బ్రిటిష్ మేజర్ వచ్చి చేరి నీ చిందరవందర వ్యవహారాన్ని ఒక పద్ధతిలో పెడతాడు. దొరికిపోయినవాళ్ళను వయా తాస్సో వీధిలో కాప్లర్ కార్యాలయానికి తీసుకెళ్తారు. అక్కడ కిటికీలను ఇటుకలతో మూసేశారు. లోపల నీ మనుషులూ ఉన్నారు.

1944 మార్చి 23. రోమ్‌లో వయా రసెల్లా వీధిలో బాంబు పేలి 33 మంది జర్మన్ పోలీసులు చనిపోతారు. ఒక్కొక్కరికి పదిమంది చొప్పున చంపాలని ఆజ్ఞ. జాబితా తయారుచేసింది కాప్లర్. మర్నాడు జనాన్ని చేతులు కట్టి అర్దెయాతీనె గుహలకు తీసుకెళ్తారు. 330 మంది ఉండాలి. లెక్కపెడితే ఐదుగురు ఎక్కువ వచ్చారు. వదిలేస్తే చూసింది బయట చెబుతారు. వాళ్ళనీ చంపేశారు. చనిపోయిన 335 మందిలో పియెత్రో పాపగాల్లో అనే గురువు ఉన్నాడు. ఆయనా నీలాగే పారిపోయి వచ్చినవాళ్ళకు ఆశ్రయం ఇచ్చినవాడు. ఆయనకు బొగ్గు లారీ ఎదురుపడలేదు.

జూన్ 4న అమెరికన్లు రోమ్‌లోకి వస్తారు. ఆరోజు మీ సంస్థ పుస్తకాల్లో ఉన్న సైనికులు 3,925 మంది. జనం వీధుల్లో ఏడుస్తూ నవ్వుతున్నారు. నువ్వు అప్పుడే జర్మన్ బందీలను సరిగా చూస్తున్నారా లేదా అని అడగడం మొదలుపెడతావు.

1948లో కాప్లర్‌కు యావజ్జీవం పడుతుంది. సముద్రం ఒడ్డున గాయెతా కోటలో, సైనిక జైలులో పెడతారు. నిన్ను పట్టుకోవడానికి రోమ్ అంతా వల వేసినవాడు ఇప్పుడు ఒక గదిలో ఉన్నాడు. కావాలంటే వెళ్ళి కలవొచ్చు. కాపలావాడు తలుపు తీస్తాడు.

ఇంతవరకూ ఎటు దిగాలో, ఎప్పుడు వంగాలో నేనే చెబుతూ వచ్చాను. ఇక్కడ నా వల్ల కాదు. వెళ్ళమని చెబుదామంటే ఆ ఐదుగురు అడ్డం వస్తున్నారు. వాళ్ళ చావు ఏ ఆజ్ఞలోనూ లేదు. వాళ్ళకూ తల్లులు ఉన్నారు. నువ్వు ఆ గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నావని తెలిస్తే వాళ్ళకు ఏమనిపిస్తుంది? నేనైతే గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరిగేవాణ్ణి. నువ్వు తిరిగినా తప్పుపట్టను.

ఓఫ్లాహర్టీ లోపలికి వెళ్ళాడు. మళ్ళీ మరుసటి నెల వెళ్ళాడు. అలా ఏళ్ళ తరబడి వెళ్తూనే ఉన్నాడు. 1959లో హెర్బర్ట్ కాప్లర్ కథోలిక తిరుసభలో చేరాడు. జ్ఞానస్నానం ఇచ్చింది ఓఫ్లాహర్టీయే.