వలస ప్రముఖులపై ఆంగ్ల ప్రసంగం: బోధనా పద్ధతి

పుట్టిన దేశం విడిచి మరోచోట స్థిరపడి పేరు తెచ్చుకున్న వ్యక్తి గురించి వివరాలు సేకరించి, తరగతి ముందు ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పే పద్ధతి ఇది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం ఇందులో ఒకే పనిగా కలుస్తాయి.

స్థానిక ఉదాహరణ: శ్రీ సత్యసాయి జిల్లా ముదిగుబ్బ పిల్లలకు అందుబాటులో ఉన్న అంశం విన్సెంట్ ఫెర్రర్. 1920లో స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టిన ఆయన 1952లో జెస్యూట్ మిషనరీగా భారతదేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతుల కోసం పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చినా, మరుసటి ఏడాదే తిరిగివచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. ఆయన స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ. ముదిగుబ్బ నుంచి అనంతపురం వెళ్ళే దారిలోని బత్తలపల్లిలో ఆ సంస్థ ఆసుపత్రి ఉంది. ఫెర్రర్ 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు.

బోధనా క్రమం: ముందు ప్రశ్నలు తెలుగులోనే రాయించాలి: ఎక్కడ పుట్టారు, ఎందుకు వచ్చారు, ఇక్కడ ఏం మార్చారు? ఊరి పెద్దలను అడిగి తెలుసుకున్నదీ, పుస్తకంలో దొరికినదీ వేర్వేరు చీటీలపై ఆధారంతో సహా రాసి సరిపోల్చాలి. ఆపై చీటీలను ఏళ్ళవారీగా పేర్చి, ఒక్కోదానికి ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం కట్టించాలి. "హి ఈజ్ కమ్ ఇన్ 1952" అన్న విద్యార్థికి "హి కేమ్ టు ఇండియా ఇన్ 1952" అని అక్కడే దిద్దితే భూతకాలం పట్టుబడుతుంది. చివరికి ముఖ్యపదాలున్న చార్టు మాత్రమే చూస్తూ మాట్లాడించాలి. బట్టీపట్టిన ప్రసంగానికి మార్కులివ్వకూడదు.

విస్తృతి: ఎదురుదిశ వలసకు భీమవరంలో 1895లో పుట్టి, 1923లో అమెరికా వెళ్ళిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు తగిన జోడీ.