ఆరు మార్కులు

మన బడిలో పది చదివి, 2006లో ఇంటర్ పూర్తిచేసిన బ్యాచ్ మాది. 1951లో ఖరగ్‌పూర్‌లో మొదలైన ఐఐటీల్లో సీటంటే అప్పటికీ గగనమే. "ఇంటర్ పాసైతే చాలు, ర్యాంకే ముఖ్యం" అనేవారు సీనియర్లు. వాళ్ల కాలానికి అది నిజం. 2006 నుంచి జనరల్ అభ్యర్థులకు ఇంటర్‌లో 60 శాతం తప్పనిసరైంది. మా బెంచీ మిత్రుడికి ర్యాంకొచ్చింది. ఇంటర్‌లో మాత్రం వెయ్యికి 594. సీటు దక్కలేదు.

2013లో మెయిన్, అడ్వాన్స్‌డ్ వచ్చాయి. బోర్డులో టాప్ 20 పర్సంటైల్ అన్నారు. తర్వాత 75 శాతమున్నా సరే అన్నారు. అన్నలు చెప్పిన నిబంధన తమ్ముళ్లకు వర్తించకపోవచ్చు. అందుకే ఆ మిత్రుడు ఏటా మన బడికొచ్చి, పిల్లలచేత ఆ ఏటి బ్రోచర్‌ను మొదటి పేజీ నుంచీ చదివిస్తున్నాడు.