పట్టీలో పేరెక్కడం

నమోదు అన్న మాట మన తెలుగుది కాదు. ఫారసీలో పుట్టి, ఉర్దూలో పెరిగి, కచేరీ కాగితాల మీదుగా మన నోళ్లలోకి వచ్చి పీట వేసుకుని కూర్చుంది. దాఖలు కూడా అంతే, అది అరబ్బీ. పాత హైదరాబాదులో పిల్లవాణ్ణి బళ్లో చేర్పిస్తే ‘దాఖలా అయింది’ అనేవారట. ఇక మన తాతలు మీసం మెలేసి చెప్పుకున్న మెట్రిక్యులేషన్ సంగతి ఇంకా తమాషా. లాటిన్‌లో మెట్రిక్యులా అంటే పేర్ల పట్టీ. వెనకటి యూరప్‌లో విశ్వవిద్యాలయం వారి పట్టీలో పేరెక్కితేనే విద్యార్థి కింద లెక్క. ఎంత చదివినా, ఎంత తెలిసినా, పట్టీలో లేనివాడు బయటివాడే. ఆ మాటకి మూలంలో ‘మాత’తో చుట్టరికం ఉందంటారు. చదువుల తల్లి ఒడిలో చేరడమంటే ముందు గుమాస్తాగారి పుస్తకంలో చేరడమన్నమాట!

ఈ మాటల గొడవ ఎందుకెత్తుకున్నానంటే, మే, జూన్ నెలలు వచ్చాయంటే మా యూసుఫ్‌గూడలో ప్రతి నెట్ సెంటరు ముందూ చెప్పుల గుట్టలే. ఇంటర్ పాసైన పిల్లలు, వాళ్ల అమ్మలు, చేతిలో ప్లాస్టిక్ కవర్లు, కవర్లలో మెమోలు. కూరగాయలకని బయల్దేరిన నేను ఆ గుంపు దగ్గర ఆగకుండా ఏనాడూ ఇల్లు చేరలేదు. నవలలు రాసేవాళ్లకి ఇదొక జబ్బు.

మన ఊళ్లో ఈ పట్టీ ఎలా మొదలైందో చూడండి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1918లో నిజాం ఫర్మానా వెలువడింది. మరుసటేడు తరగతులు మొదలైనప్పుడు విద్యార్థులు 225 మంది. కలం బాగా సాగే గుమాస్తా ఒక్క పూటలో రాసేయగల జాబితా! ఆడపిల్లల కాలేజీ 1924లో వచ్చింది. 1949లో అది కోఠీ రెసిడెన్సీ మేడలోకి మారింది. ఆ మేడ కథ మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను.

మా కాలానికి, అంటే 1990ల చివరికి, పేరెక్కడం ఒక యజ్ఞం. ముందు డబ్బు కట్టి ప్రాస్పెక్టస్ కొనాలి. అందులోంచి అప్లికేషను జాగ్రత్తగా చింపాలి. బ్యాంకులో చలానా కట్టాలి. టీసీ, స్టడీ సర్టిఫికెట్, మార్కుల మెమో, అన్నిటికీ జిరాక్సులు, ప్రతి జిరాక్సు మీదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం, పచ్చ సిరా. మా పేట మొత్తానికి గెజిటెడ్ ఆఫీసరంటే పశువుల డాక్టరుగారొక్కరే. గేదెల వెనక వరసలో నిలబడి నా బీఏ అర్హత ధ్రువపరచుకున్నాను. ఇంతా చేసి కాలేజీ కౌంటరు దగ్గరికి వెళితే, సరిగ్గా నా ముందమ్మాయి వంతు అయ్యేసరికి భోజనాల వేళయింది. కిటికీ తలుపు ఠపీమని మూసుకుంది. ఆ కాలేజీ పేరు చెప్పను లెండి. తర్వాత మూడేళ్లు అక్కడే చదువుకున్నదాన్ని.

తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలకి దోస్త్ వచ్చింది. ఎవరు పెట్టారో గానీ పేరు మాత్రం ముచ్చటైనది. ఉస్మానియా, కాకతీయ మొదలుకొని పాలమూరు, శాతవాహన దాకా విశ్వవిద్యాలయాల కింది కాలేజీలన్నిటికీ ఒకే తలుపు. ఇంట్లో కూర్చుని నంబరు కొట్టి, ఐడీ, పిన్ను తెచ్చుకుని, కాలేజీలూ గ్రూపులూ ఇష్టం వచ్చిన వరసలో పెట్టుకోవాలి. దీన్ని వెబ్ ఆప్షన్లంటారు. పెళ్లిచూపులకి వెళ్లేముందు సంబంధాలను వరసపెట్టి రాసుకోవడం లాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ మొదట ఏది రాస్తే ముందుగా దానికే ముడిపడుతుంది. కాబట్టి వరస జాగ్రత్తగా పెట్టుకోవాలి. అదే ఏడు సెమిస్టర్లూ, ఎంచుకునే సబ్జెక్టుల విధానమూ కూడా వచ్చాయి. చరిత్రా, కంప్యూటరూ, జర్నలిజమూ కలిపి చదవొచ్చు. మా రోజుల్లో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి అని మూడు మూటలు కట్టి చేతిలో పెట్టేవారు.

పచ్చ సిరా పోయింది, పశువుల డాక్టరుగారికి విశ్రాంతి దొరికింది, సిఫారసు ఉత్తరానికి పని తగ్గింది. ఇవన్నీ మంచివే, నేను కాదనను. అయితే వీటన్నిటికీ ఆధార్‌తో ముడిపడ్డ ఫోను నంబరు కావాలి. ఆ నంబరు ఇంట్లో ఎవరి జేబులో ఉంటుందన్నది వేరే కథ. దానికి తర్వాత వస్తాను.

పట్టీలో పేరున్నంత మాత్రాన చదువున్నట్టు కాదని మన తెలుగు పిల్లలకి తెలిసొచ్చింది అమెరికాలో. మా పేట నుంచి నడిచి వెళ్లేంత దూరంలో అమీర్‌పేట మైత్రీవనం. అక్కడి గోడలమీద బోర్డులు తప్ప గోడలు కనపడవు. జావా, ఒరాకిల్ నేర్చుకున్నవాళ్లు ఎందరో అక్కణ్ణుంచే విమానం ఎక్కారు. అక్కడికి వెళ్లాక ప్రతి సెమిస్టరుకీ క్లాసుల్లో పేరు నమోదై ఉండాలి, లేకపోతే వీసా చెల్లదు. 2003 నుంచి విశ్వవిద్యాలయాలు ఆ లెక్కని కంప్యూటరులో ప్రభుత్వానికి పంపుతున్నాయి. ఈ నిబంధన మీదే కొందరు వ్యాపారం పెట్టారు. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అనే పేరుతో ఒకటి ఉండేది. వెయ్యిన్నరకి పైగా విద్యార్థులు, అందులో ఎక్కువమంది మనవాళ్లే. 2011 జనవరిలో అధికారులు తనిఖీకి వెళ్లారు. లెక్కల ప్రకారం సగానికి పైగా పిల్లలు సన్నీవేల్‌లో ఒకే ఒక్క అపార్టుమెంటులో కాపురం! కొందరి కాళ్లకి రేడియో పట్టీలు తగిలించారు. ఇక్కడ టీవీలో ఆ బొమ్మ చూసి ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో. దాన్ని నడిపిన మనిషికి 2014లో పదహారేళ్లకి పైగా జైలు పడింది.

2019లో మిషిగన్‌లో జరిగింది ఇంకా విడ్డూరం. ఫార్మింగ్టన్ అనే విశ్వవిద్యాలయాన్ని అక్కడి ప్రభుత్వమే ఎరగా పెట్టింది. వెబ్‌సైటుంది, ఫీజు కట్టించుకోవడం ఉంది, పాఠం చెప్పే మాస్టారు మాత్రం ఒక్కరూ లేరు. సుమారు 130 మందిని పట్టుకుంటే వారిలో చాలామంది తెలుగువాళ్లు. తప్పెవరిదన్న వాదన ఎంతసేపైనా చెయ్యొచ్చు. నాకు మాత్రం ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రులే గుర్తొస్తారు.

దీనికి సరిగ్గా ఎదురు కథ మన దగ్గరుంది. గోడల్లేని, కానీ నిజమైన విశ్వవిద్యాలయం. ఇంగ్లండులో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడింది. మన దేశంలో మొట్టమొదటిది ఆంధ్రప్రదేశ్‌లోనే, 1982 ఆగస్టు 26న. భవనం వెంకట్రాం ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల్లో జరిగిన పని ఇది. ఆయన ఫిబ్రవరిలో కుర్చీ ఎక్కి సెప్టెంబరులో దిగారు. ఎన్నాళ్లున్నారని కాకుండా ఏం మిగిల్చారని లెక్కేస్తే ఆయన పద్దులో ఇది పెద్దదే. మొదట నాగార్జునసాగర్‌లో పెట్టారు. తర్వాత హైదరాబాదు వచ్చి, మన పంజాగుట్ట పక్కనే సోమాజిగూడలో చాలాకాలం ఉంది. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో రోడ్ నంబరు 46 మీద ఉంది. 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ జి.రాంరెడ్డిగారు. ఇక్కడి అనుభవంతోనే ఆయన 1985లో ఢిల్లీ వెళ్లి ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీని మొదలుపెట్టారు. ఆయన తర్వాత ఇక్కడి కుర్చీలోకి ఎవరొచ్చారనుకుంటున్నారు? సినారె! సినిమా పాటలతో ఊరందరినీ ఊపేసిన కవిగారు, ఇంట్లోనే కూర్చున్న ఆడవాళ్ల డిగ్రీ కాగితాల వ్యవహారం కూడా చూశారన్నమాట.

ఆ విశ్వవిద్యాలయం చేసిన అసలు ఘనకార్యం వేరే ఉంది. ఇంటర్ లేకపోయినా, బడి ముఖమే చూడకపోయినా, పద్ధెనిమిదేళ్లు నిండి, అర్హత పరీక్ష ఒకటి పాసైతే చాలు, బీఏలో చేర్చుకున్నారు. పాఠాలు తెలుగులో అచ్చువేసి పంపారు. రేడియోలో పాఠాలు చెప్పించారు. సందేహాలు తీర్చడానికి ఆదివారాలు క్లాసులు పెట్టారు. పదో తరగతిలో పెళ్లయిపోయినవాళ్లు, కండక్టర్లు, కానిస్టేబుళ్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ తెలుగు పుస్తకాలు ఇప్పటికీ గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు వెతుక్కుని కొంటారు. సర్కారు అచ్చువేసిన పుస్తకాన్ని ఎవరైనా డబ్బిచ్చి కొంటున్నారంటే అందులో ఏదో ఉన్నట్టే కదా!

ఇప్పుడు ఈ ఓపెన్ యూనివర్సిటీలో చేరడం కూడా ఆన్‌లైనులోనే. పోయిన సంవత్సరం మా వీధి చివర నెట్ సెంటరులో ఒకావిడని చూశాను. వయసు ముప్ఫై ఎనిమిదట. కృష్ణానగర్‌లో ఉంటుంది, సినిమా కంపెనీల్లో బట్టలు కుట్టే పని. ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తిచేసి బీఏకి వచ్చింది. సెంటరు కుర్రాడు గబగబా కొడుతున్నాడు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. ఆధార్‌లో ఒక ‘ఎ’, మెమోలో రెండు ‘ఎ’లు. మెమో ప్రకారమే వేద్దామన్నాడు. తర్వాత ఫోను నంబరు అడిగాడు.

ఆవిడ చెయ్యి బ్యాగులోకి వెళ్లి ఆగిపోయింది.

“మా ఆయనది ఇయ్యనా తమ్మీ? గ్యాసుకు, బ్యాంకుకు, అన్నిటికీ ఆయనదే ఉంది.”

“ఇవ్వొచ్చక్కా. కానీ ఫీజు తేదీలు, క్లాసులు, హాల్‌టికెట్టు, అన్నీ ఆ ఫోనుకే వస్తయి. మళ్ల మార్చాలంటే తిప్పలే.”

ఆవిడ నావైపు చూసింది. ముక్కూమొహం తెలియని మనిషిని, నన్నెందుకు చూసిందో. “మీ ఫోను మీ దగ్గరుందిగా, అదే ఇవ్వండి” అన్నాను.

“నా నంబరు నాకు యాదికి లేదు మేడమ్. ఎవ్వరు అడుగుతరు నన్ను?”

కుర్రాడు నవ్వలేదు, పాపం మంచివాడు. తన నంబరు చెప్పి మిస్డ్ కాల్ ఇమ్మన్నాడు. బల్ల మీద అతని ఫోను మోగింది. అందులో వెలిగిన పది అంకెల్నీ ఒక్కొక్కటే చదువుతూ కొట్టాడు. ఆవిడ పక్కన నిలబడి పెదవులతో వల్లించుకుంది, రెండోసారీ మూడోసారీ.

సబ్జెక్టుల దగ్గరికొచ్చారు. చరిత్ర కావాలంది. ఎందుకని అడిగాను. “రాజుల పిక్చర్లకు బట్టలు కుడుతుంటం మేడమ్. ఎవరెట్ల కట్టుకున్నరో మాకు ఎవ్వరు చెప్పరు. మేస్త్రీ ఏదంటే అదే” అంది. నాకు చరిత్ర ఎందుకు తీసుకున్నావని ఎవరైనా ఆ రోజుల్లో అడిగుంటే ఇంత మంచి జవాబు దొరికేది కాదు.

ఇక మిగిలింది ఆదివారం క్లాసుల సంగతి. సినిమా వాళ్లకి ఆదివారం అంటే అన్ని ఆదివారాలూ కాదు, నెలలో రెండోది ఒక్కటే సెలవు. మిగతా వాటికి ఏం చేస్తావంటే, “రెండోది ఒక్కటన్న పోత. మిగిలినయి పుస్తకంల సూసుకుంట” అంది. దగ్గర్లో ఏ స్టడీ సెంటరుందో, యూసుఫ్‌గూడ స్టేషనులో మెట్రో ఎక్కితే ఎంతసేపు పడుతుందో కుర్రాడూ ఆవిడా లెక్కలు వేసుకున్నారు. డబ్బు కట్టింది. ప్రింటరు గరగరమని రసీదు బయటికి తోసింది.

“ఒకటి చాలా అక్కా?”

“మూడు తియ్యి తమ్మీ. ఒకదానికి లామినేషన్ జెయ్యి.”