ఇంటి అలమరలో బస్తర్



మీ ఇంట్లో చెక్క అలమర ఉందా? అందులో ఇత్తడి ఏనుగో, చెక్క దువ్వెనో ఉంటే అది ఎక్కడ పుట్టిందని ఎప్పుడైనా అడిగారా? ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ వస్తువులు ఇంటి అలమరకు ఎలా చేరాయో, ఆ దారిలో ఏమి దక్కిందో, ఏమి పోయిందో ఈ పాఠంలో చూద్దాం.

బస్తర్ మనకు కొత్త కాదు. 1323లో కాకతీయ రాజ్యం కూలిన తరువాత, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వెళ్లి అక్కడ రాజ్యం నెలకొల్పాడని ఆ రాజవంశపు సంప్రదాయం చెబుతుంది.

మొదట దువ్వెనను తీసుకుందాం. మురియా గోండుల ఊళ్లలో యువతీయువకులు కలిసి గడిపే ఇల్లు ఘోటుల్. అక్కడి యువకులు చెక్కతో దువ్వెనలు చెక్కి అమ్మాయిలకు కానుకగా ఇచ్చేవారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన గ్రంథంలో ఈ జీవితాన్ని వివరంగా నమోదు చేశాడు. అలమరలో అది ఒట్టి దువ్వెన. ఊళ్లో అది ఒకరు మరొకరికి చెప్పిన మాట.

ఇక ఇత్తడి బొమ్మ. కొండగాఁవ్ ప్రాంతపు ఘడ్వా కళాకారులు ముందుగా మట్టి ముద్ద చేసి, దానిపై తేనె మైనపు దారాలు చుడతారు. పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగిన ఇత్తడి నిండుతుంది. చివరికి అచ్చును పగలగొట్టాలి. కాబట్టి ఒక అచ్చుకు ఒకే బొమ్మ. నాలుగు వేల ఏళ్లకు పూర్వపు మొహెంజోదారో నర్తకి విగ్రహం కూడా ఇలాంటి మైనపు పోతే. మన ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు నేటికీ ఈ పనే చేస్తున్నారు.

ఘడ్వాలు చేసిన దేవతామూర్తులు, ఏనుగులు, గుర్రాలు మొదట గ్రామదేవతలకు సమర్పణలు. ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ప్రదర్శనలు, చేతివృత్తుల దుకాణాలు పెరగడంతో నగరవాసులు కొనసాగారు. దీనివల్ల కళాకారులకు కొత్త బతుకుతెరువు దొరికింది. కొండగాఁవ్‌కు చెందిన జయదేవ్ బఘేల్ వంటి వారి పేర్లు దేశదేశాలకు తెలిశాయి. అయితే చాలా బొమ్మలు చేసినవారి పేరు లేకుండానే ఇళ్లకు చేరాయి. మొక్కుబడి అలంకారంగా మారింది.

మరి సేకరించడం తప్పా? కాదు. హైదరాబాదులో మూడవ సాలార్ జంగ్ తన నివాసంలో కూర్చిన వస్తువులే 1951లో మ్యూజియంగా ప్రజలకు అందాయి. బస్తర్ ముఖ్య పట్టణం జగదల్‌పూర్‌లో 1972లో మానవశాస్త్ర మ్యూజియం ఏర్పడింది. ఇంటి అలమరకూ మ్యూజియానికీ ముఖ్యమైన భేదం భవనంలో లేదు, పుస్తకంలో ఉంది. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య, ఊరు, ఉపయోగం, వచ్చిన తేదీ అక్కడ రాసి ఉంచుతారు.

మీరూ ఒక అలమర చేయించుకోవచ్చు. బాగా ఆరిన టేకు చెక్క వాడండి. పచ్చి కర్ర ఎండేకొద్దీ వంగుతుంది, పగులుతుంది. ఇత్తడి బరువు కాబట్టి పెద్ద బొమ్మలు కింది అరలో ఉంచండి. అర పొడవు ఎక్కువైతే మధ్యలో ఆధారం పెట్టించండి. చెమ్మ గోడకు ఆనించవద్దు. నేరుగా ఎండ తగిలే చోట చెక్క వస్తువులు పెట్టవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒక చిన్న చీటీ. ఎవరు చేశారు, ఏ ఊరు, దేనికోసం, ఎప్పుడు కొన్నాం అనే నాలుగు సంగతులు దానిపై రాయండి. కొనేటప్పుడే చేసిన మనిషి పేరు అడగండి. తరువాత అడుగుదామంటే చెప్పేవారు ఉండకపోవచ్చు.

చెక్క వస్తువును దుమ్ము నుంచి కాపాడుతుంది. దాని కథను కాపాడేది ఆ చీటీయే. ఈ రోజే మీ ఇంట్లోని ఒక పాత వస్తువును చేతిలోకి తీసుకుని, దాని గురించి పెద్దవాళ్లను అడిగి రాసుకోండి.